బ్యాంకాక్‌లో అయిదు రోజులు, పెద్దవాళ్లతోనూ చిన్నపాపతోనూ: రోజంతా కారు మాట్లాడుకోవాలా, రైళ్లూ పడవలూ సరిపోతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అయిదుగురు వస్తున్నారు: మీరిద్దరు, అరవై అయిదు దాటిన మీ అమ్మానాన్న, ఆరేళ్ల పాప. అయిదు రోజులూ బ్యాంకాక్‌లోనే. ట్రావెల్స్ వాళ్లు రోజంతా కారూ డ్రైవరూ ఇస్తామంటున్నారు. ప్రతునామ్‌లో హోటల్ చౌకగా దొరుకుతోంది. థాయ్ భాష రాదు, టాక్సీవాళ్లు మోసం చేస్తారని విన్నారు. ఏం చెయ్యమంటారని అడిగారు.

సూటిగా చెప్తాను. ఊళ్లో తిరగడానికి రోజంతా కారు వద్దు. ఊళ్లో తిరిగే రైళ్ల స్టేషన్‌కి అయిదు నిమిషాల నడకలో ఉండే హోటల్ తీసుకోండి. దూరం వెళ్లాలంటే రైలు, పాత ఊరు చూడాలంటే పడవ, స్టేషన్ నుంచి గుమ్మం దాకా గానీ రాత్రి పొద్దుపోయాక గానీ టాక్సీ. ఊరు దాటి వెళ్లే రోజు ఏదైనా ఉంటే ఆ ఒక్కరోజుకి కారు మాట్లాడుకోండి. పెద్దవాళ్లున్నారు కాబట్టి కారే సుఖం అనిపిస్తుంది. ఈ ఊళ్లో మాత్రం పెద్దవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది కారే.

నేను పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఆఫీసుకి రోజూ రైల్లో వెళ్తాను. ఏటా తెనాలి నుంచో హైదరాబాద్ నుంచో మావాళ్లు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వాళ్లలో మోకాళ్ల నొప్పులవాళ్లున్నారు, ఎస్కలేటర్ చూస్తే ఆగిపోయేవాళ్లున్నారు, చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లున్నారు. వాళ్లని తిప్పుతూ నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట పిన్నీ బాబాయీ వచ్చినప్పుడు, ప్రతునామ్ నుంచి నది ఒడ్డున ఉన్న సాథోన్ రేవుకి కారులో బయల్దేరాం. ఉన్నది ఆరు కిలోమీటర్లు. సాయంత్రం అయిదైంది, పైన వాన. గంటా ఇరవై నిమిషాలకి సగం దూరం కూడా దాటలేదు. బాబాయికి షుగరు. బాత్రూముకి వెళ్లాలి, చెప్పడానికి మొహమాటం. ఆయన సీటు అంచుని పట్టుకుని కిటికీలోంచి అలా చూస్తూ కూర్చున్న తీరు నాకింకా కళ్లముందే ఉంది. చివరికి కారు వదిలేసి, వానలో నడిచి ఒక షాపింగ్ మాల్లోకి వెళ్లాం. అక్కణ్ణించి సియామ్ స్టేషన్‌లో రైలెక్కితే పావుగంటలో రేవు దగ్గరున్నాం. ఆ రోజు తర్వాత పెద్దవాళ్లు వచ్చినప్పుడు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా నేను రోడ్డెక్కను.

రోజంతా మాట్లాడుకున్న కారుతో ఇంకో చిక్కుంది. కొందరు డ్రైవర్లు మీరు అడగని చోట్లకి, రాళ్లూ నగలూ అమ్మే దుకాణాలకి తీసుకెళ్తారు. అక్కడ మిమ్మల్ని దింపితే వాళ్లకి కమిషన్. అరపూట అలా పోతుంది.

ముందు హోటల్ సంగతి

ప్రతునామ్ చౌకే. మన తిండి దొరుకుతుంది, బట్టల హోల్‌సేల్ బజారు పక్కనే ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ రైలు ఆగే రాచ్చప్రారోప్ స్టేషన్ కూడా దగ్గరే. కానీ ఊళ్లో తిరగడానికి రోజూ కావలసిన బీటీఎస్ (వంతెన మీద నడిచే రైలు) స్టేషన్లు, చిత్‌లోమ్ గానీ రాచ్చతేవి గానీ, అక్కణ్ణించి దాదాపు కిలోమీటరు. మీకు అది పది పన్నెండు నిమిషాల నడక. ఏప్రిల్ ఎండలో మీ అమ్మగారికి అది అరగంట. పైగా ప్రతునామ్ కూడలి ట్రాఫిక్‌కి పెట్టింది పేరు. ఆ కిలోమీటరుకి టాక్సీ ఎక్కినా లాభం ఉండదు.

మీ స్థానంలో నేనుంటే ఫయా థాయ్ స్టేషన్ పక్కన చూస్తాను. ఎయిర్‌పోర్ట్ రైలు ఆఖరి స్టేషన్ అదే, బీటీఎస్ కూడా అక్కడే. సుఖుంవిత్ రోడ్డు మీద నానా, అసోక్ స్టేషన్ల దగ్గర కూడా బాగుంటుంది, కాకపోతే అద్దె కాస్త ఎక్కువ. సుఖుంవిత్‌లో హోటల్ తీసుకుంటే ఒక్కటి చూసుకోండి. పెద్ద రోడ్డు నుంచి చీలే సందుల్ని ఇక్కడ ‘సోయి’ అంటారు. ఒకవైపు బేసి సంఖ్యలు, ఎదురువైపు సరి సంఖ్యలు. కానీ 11కి ఎదురుగా 12 ఉంటుందని అనుకోకండి, రెండు వైపుల లెక్కలూ దేనికవే సాగుతాయి. కొన్ని సోయిలు కిలోమీటరు పైగా లోపలికి పోతాయి. ‘స్టేషన్ దగ్గర’ అని హోటల్‌వాళ్లు రాసింది సోయి మొదలుకి వర్తిస్తుంది, మీ గదికి కాదు. మ్యాపులో హోటల్ గుమ్మం నుంచి స్టేషన్ మెట్ల దాకా నడక దూరం కొలిచి, 500 మీటర్లు దాటితే వదిలెయ్యండి.

రైళ్లు

మీకు పనికొచ్చేవి మూడు. పైన వంతెన మీద నడిచేది బీటీఎస్, 1999 డిసెంబరు నుంచి ఉంది. భూమి లోపల నడిచేది ఎమ్మార్టీ నీలం లైను, 2004లో వచ్చింది. మూడోది విమానాశ్రయం నుంచి వచ్చే రైలు. మూడూ వేరువేరు వ్యవస్థలు. ఒకదాని టికెట్ ఇంకోదానిలో చెల్లదు, మారేచోట బయటికొచ్చి మళ్లీ టికెట్ కొనాలి. కొత్తవాళ్లని తికమక పెట్టేదేమంటే, రెండు రైళ్లు కలిసేచోట స్టేషన్‌కి రెండు పేర్లుంటాయి. పైన అసోక్, కింద సుఖుంవిత్. పైన సాలా డేంగ్, కింద సీలోమ్. పైన మో చిత్, కింద చతుచక్ పార్క్. చోటు మాత్రం ఒక్కటే.

దూరాన్ని బట్టి టికెట్ 17 బాట్ల (ఇక్కడి డబ్బు) దగ్గర మొదలై నలభై పైదాకా ఉంటుంది, శివార్లకి వెళ్తే అరవై దాటుతుంది. ఎమ్మార్టీలో టికెట్ కొనక్కర్లేదు. మీ వీసా లేదా మాస్టర్ కార్డుని గేటు మీద ఆనిస్తే చాలు. కానీ ఒక కార్డుతో ఒక్కరే వెళ్లగలరు, ఇద్దరికి ఆనించడం కుదరదు. రూపే కార్డు గేటు దగ్గర పనిచెయ్యదు. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. బీటీఎస్‌కి ర్యాబిట్ అనే కార్డుంది. కార్డు ఖరీదూ అందులో వేసే సొమ్మూ కలిపి మనిషికి దాదాపు 200 బాట్లు, పాస్‌పోర్టు చూపించాలి. అయిదు రోజుల కోసం అయిదు కార్డులు కొనడం దండగ. మెషీన్‌లో విడి టికెట్లు తీసుకోండి. ఎక్కువసార్లు ఎక్కిదిగే రోజున 150 బాట్ల డే పాస్ గిట్టుబాటవుతుంది, అదీ బీటీఎస్‌కి మాత్రమే. పాపకి టికెట్ తీసుకోవాల్సిందే, బీటీఎస్‌లో 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకే ఉచితం.

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి. అయిదుగురికి రైలు చౌక కాదు. నాలుగైదు స్టేషన్ల దూరానికి అయిదు టికెట్లు కలిపి 150 దాటతాయి, అదే దూరం టాక్సీలో వందకి అటూఇటూ. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా రోడ్లు కాస్త తేలిగ్గా ఉన్నప్పుడు టాక్సీ ఎక్కితే తప్పేం లేదు. రైలు ఎక్కమనేది డబ్బు మిగులుతుందని కాదు, ఎన్నింటికి చేరతామో ముందే తెలుస్తుందని.

పెద్దవాళ్ల కోసం మూడు మాటలు. మొదటిది లిఫ్టు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నానా స్టేషన్ ఎస్కలేటర్ ముందు చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. ఒక మెట్టు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. వెనక జనం ఆగారు, ఒక్కరూ విసుక్కోలేదు. అది ఇక్కడివాళ్ల మంచితనం. తర్వాత మేం ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టే వెతుక్కున్నాం. లిఫ్టు అన్ని గేట్ల దగ్గరా ఉండదు. చాలా స్టేషన్లలో రోడ్డుకి ఒక వైపే ఉంటుంది. అందుకే ‘ఏ స్టేషన్’ అని కాకుండా ‘ఏ స్టేషన్, ఎన్నో నంబరు గేటు’ అని రాసుకోవడం అలవాటు చేసుకోండి. గేటు తప్పితే ఎనిమిది వరసల రోడ్డుకి అవతల తేలతారు.

రెండోది చలి. బోగీల్లో ఏసీ గట్టిగా ఉంటుంది. బయట చెమటతో తడిసి లోపలికి వెళ్తే పెద్దవాళ్లకి ఒళ్లు జిల్లుమంటుంది. ఒక శాలువా సంచిలో ఉంచండి. మూడోది వేళ. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా అసోక్‌లో, సియామ్‌లో నిలబడ్డానికీ చోటుండదు. సాయంత్రం ఆ వేళలో ఏదైనా మాల్లో కూర్చుని నింపాదిగా భోంచెయ్యండి. ఎనిమిదింటికి బోగీలు మళ్లీ ఊపిరి పీల్చుకుంటాయి.

పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి స్టేషన్లలో జాతీయగీతం వస్తుంది. నడిచేవాళ్లంతా ఉన్నచోటే ఆగిపోతారు. మీరూ ఆగండి, పాపకి ముందే చెప్పి ఉంచండి. రైల్లో తినకూడదు, తాగకూడదు. డూరియన్ పండు తీసుకెళ్లనివ్వరు.

పడవ

బ్యాంకాక్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయాణం ఇదే. మీ నాన్నగారికి కూడా ఇదే గుర్తుండిపోతుందని నా నమ్మకం.

బీటీఎస్ సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే సాథోన్ రేవు. అక్కడ చావ్ ఫ్రయా నది మీద నడిచే పడవలకి జెండా రంగుల్ని బట్టి పేర్లు. నారింజ జెండా పడవ ఎక్కండి, ఎక్కడ దిగినా టికెట్ 16 బాట్లు. నీలి జెండా పడవ పర్యాటకులది, దాదాపు రెండింతలు పైనే. రేవులోకి అడుగుపెట్టగానే నీలి పడవ టికెట్లమ్మేవాళ్లే ముందు ఎదురై పిలుస్తారు. అది మోసం కాదు. ఆ పడవలో కూర్చోడానికి చోటు ఎక్కువ, ఇంగ్లీషులో విశేషాలు చెప్తారు. పెద్దవాళ్లు నిలబడలేరనుకుంటే అదే తీసుకోండి. ఆఫీసు వేళ కాకపోతే నారింజ పడవలో కూడా చోటు దొరుకుతుంది.

పడవ రేవుకి వచ్చే తీరు ముందే తెలిసుంటే కంగారుపడరు. వెనక చివర ఒక కుర్రాడు నిలబడి ఈల వేస్తుంటాడు. పడవ నడిపేవాడికి వెనక కనపడదు, ఆ ఈలే అతని కళ్లు. చిన్న చిన్న ఈలలు వరసగా వేస్తే ఇంకా రా అని, పొడుగ్గా ఒకటి వేస్తే చాలు ఆపు అని. తాడు గుంజకి చుట్టగానే దిగేవాళ్లు దిగుతారు, వెంటనే ఎక్కేవాళ్లు ఎక్కాలి. అరనిమిషం కూడా ఆగదు. పడవా రేవు చెక్కా రెండూ ఊగుతుంటాయి కనక, ముందు మీరు ఎక్కి, తర్వాత అమ్మగారి చెయ్యి పట్టుకోండి, నాన్నగారు మీ ఆవిడ వెనక రావాలి. ఎక్కాక అక్కడే నిలబడకుండా లోపలికి నడవండి. పొడుగాటి రేకు గొట్టాన్ని టకటకలాడిస్తూ కండక్టరు వస్తుంది, టికెట్ రేవులో కొననివాళ్లు ఆమె దగ్గర కొనచ్చు. గుమ్మం దగ్గర సన్యాసుల కోసం కొంత చోటు వదిలి ఉంచుతారు. ఆడవాళ్లు భిక్షువుల పక్కన కూర్చోరు, వాళ్లని తాకకుండా తప్పుకుంటారు. అది ఇక్కడి మర్యాద.

పాత ఊరు చూసే రోజుని నేను ఇలా నడిపిస్తాను. ఏడున్నరకల్లా సాథోన్ రేవు. పడవలో థా చాంగ్ దగ్గర దిగాలి. థా చాంగ్ అంటే ఏనుగుల రేవు, రాజుగారి ఏనుగుల్ని ఒకప్పుడు అక్కడే కడిగేవారు. అక్కణ్ణించి గ్రాండ్ ప్యాలెస్ గేటు అయిదారు నిమిషాలు. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, తెరవగానే లోపలుండాలి. పదయ్యేసరికి జనం, ఎండ రెండూ తలకెక్కుతాయి. టికెట్ 500 బాట్లు. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలుండాలి. లోపల పచ్చబుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద వాళ్ల రామాయణం, రామకీన్, 178 చిత్రాల్లో సాగుతుంది. మా అమ్మ ఒక్కో గోడ ముందూ ఆగి ఇదిగో వారధి, ఇదిగో లంక అని తనే మాకు చెప్పింది. గైడు అవసరం రాలేదు. ఆ వసారాలో నీడ ఉంటుంది కనక పెద్దవాళ్లని తొందరపెట్టకండి.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఎమ్మార్టీ సనామ్ చాయ్ స్టేషన్ ప్యాలెస్‌కి దగ్గరని మ్యాపులో చూసి అక్కడ దిగుతారు. ఆ స్టేషన్ శయనబుద్ధుడున్న వాట్ ఫో గుడికి దగ్గర. ప్యాలెస్ లోపలికి వెళ్లే గేటు ఉత్తరం వైపున ఉంది, స్టేషన్ నుంచి గోడ వెంబడి కిలోమీటరు పైగా ఎండలో నడవాలి. వెళ్లేటప్పుడు పడవ, తిరిగొచ్చేటప్పుడు ఎమ్మార్టీ పెట్టుకుంటే ఈ తిప్పలుండవు. ప్యాలెస్ అయ్యాక వాట్ ఫో. దాని ముందున్న థా తియన్ రేవు నుంచి అయిదు బాట్లిస్తే అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడికి దాటిస్తారు. మళ్లీ ఇటు దాటి, సనామ్ చాయ్‌లో ఎమ్మార్టీ ఎక్కి హోటల్‌కి వచ్చెయ్యండి. రాజమందిరంలా స్తంభాలతో, అలంకారాలతో కట్టిన స్టేషన్ అది, చూడటానికే బాగుంటుంది. సాయంత్రం ఆరు దాటాక నారింజ పడవని నమ్ముకోకండి.

ఊరి మధ్యలో సేన్ సేప్ కాలువలో ఇంకో పడవ నడుస్తుంది. ప్రతునామ్ దగ్గర ఒక పడవ దిగి ఇంకోటి ఎక్కాలి. ట్రాఫిక్‌లో గంట పట్టే దూరం అందులో పావుగంట. నీళ్లు మురికి, పక్కనుంచి ఇంకో పడవ పోతే చిమ్ముతాయి. అప్పుడు పడవ అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగితే ప్లాస్టిక్ పరదా పైకి లేస్తుంది. కండక్టర్లు హెల్మెట్ పెట్టుకుని పడవ అంచుమీద నడుస్తారు. ఎక్కడానికి అంచు దాటి లోపలికి దూకాలి. కాబట్టి పెద్దవాళ్లకీ పాపకీ వద్దు. ఒక పొద్దున వాళ్లు నిద్రలేవకముందు మీరిద్దరూ వెళ్లిరండి.

టాక్సీ

టాక్సీవాళ్లంతా మోసగాళ్లన్నది తప్పు. పన్నెండేళ్లలో నేను మర్చిపోయిన గొడుగులు, ఒకసారి ల్యాప్‌టాప్ కూడా, వెనక్కి తెచ్చిచ్చినవాళ్లున్నారు. చిక్కల్లా కొన్ని చోట్లతోనే: పెద్ద హోటళ్ల ముందు, గుళ్ల ముందు, రాత్రి బజార్ల ముందు ఆగి ఉన్న టాక్సీలు. ఆగి ఉన్నవాటిని వదిలి నడుస్తున్నదాన్ని ఆపండి. అద్దం వెనక ఎర్రదీపం వెలుగుతుంటే అది ఖాళీ. ఎక్కేముందే ‘మీటర్?’ అని అడగండి, ఆ మాట వాళ్లకీ అదే. ‘మీటర్ లేదు, 300’ అంటే నవ్వి తలుపు వేసెయ్యండి, గొడవ వద్దు. మీటరు 35 బాట్ల దగ్గర మొదలవుతుంది, పెద్ద కారైతే 40. ఎక్స్‌ప్రెస్‌వే మీద టోల్ మనమే ఇవ్వాలి.

మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య చాలామంది రామంటారు. అది షిఫ్టు మారే వేళ, కారు యజమానికి అప్పగించాలి. దారి అటువైపు కాకపోతే వెళ్లలేరు. అది మనమీద చిన్నచూపు కాదు. వెయ్యి నోటు ఇస్తే చిల్లర ఉండదంటారు, 20లూ 100లూ దగ్గరుంచుకోండి.

గ్రాబ్, బోల్ట్ యాప్‌లు రెండూ ఇక్కడ బాగా నడుస్తాయి. బోల్ట్ చౌక, గ్రాబ్‌లో కారు త్వరగా దొరుకుతుంది. యాప్ ఇంటి దగ్గరే పెట్టుకుని మీ ఇండియా నంబరుతో ఓటీపీ పూర్తి చేసుకు రండి, ఇక్కడికొచ్చాక ఆ మెసేజ్ కోసం ఎదురుచూడటం పెద్ద తలనొప్పి. డబ్బు చేతికి ఇవ్వచ్చు. మామూలు కారులో నలుగురే పడతారు, మీరు అయిదుగురు కనక ఆరు సీట్లది ఎంచుకోవాలి. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, కాబట్టి ఎటు వెళ్లాలో ఆ వైపు ఫుట్‌పాత్ మీద నిలబడి బుక్ చెయ్యండి. ఎదురువైపు నిలబడి పిలిస్తే యూటర్న్ కోసమే పావుగంట పోతుంది. రోడ్డు దాటడానికి పాదచారుల వంతెనో, స్టేషన్ మెట్లో వాడండి. జీబ్రా గీతలుంటాయి గానీ ఆగేవాళ్లు తక్కువ. ఫుట్‌పాత్ మీద కూడా బైకులొస్తాయి, పాప చెయ్యి వదలద్దు.

మన ఆటోలాంటి తుక్‌తుక్ సరదాకి ఒక్కసారి ఎక్కండి, చల్లబడ్డాక, దగ్గర దూరానికి. ధర ముందే మాట్లాడుకోవాలి. ‘ప్యాలెస్ ఈ రోజు మూసేశారు, ఏదో పూజ ఉంది, 20 బాట్లకి వేరే గుళ్లు చూపిస్తా’ అని ఎవరైనా అంటే, మంచి బట్టలేసుకుని మంచి ఇంగ్లీషు మాట్లాడినా సరే, అక్కడ ఆగకండి. మా పెదనాన్నగారు అలాగే ఎక్కారు. ఒక చిన్న గుడి, ఆ గుడిలో అనుకోకుండా కలిసినట్టు కలిసిన ఒక మర్యాదస్తుడు, అక్కణ్ణించి నీలాలమ్మే దుకాణం. ఈ రాళ్లు మీ దేశంలో రెండింతలకి అమ్ముకోవచ్చన్నారట. ఆయన కొనలేదు గానీ, అప్పటికి మధ్యాహ్నం రెండైంది, ప్యాలెస్‌కి వెళ్లే ఓపిక ఆయనకి లేదు. మర్నాడే తిరుగు విమానం. గేటు దాకా మీరే నడిచి వెళ్లి చూసుకోండి, దాదాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నారింజ రంగు జాకెట్లు వేసుకుని సోయి మొదట్లో కూర్చునే బైకువాళ్ల గురించి: నేను రోజూ ఎక్కుతాను, కుటుంబంతో వచ్చినవాళ్లకి చెప్పను. సిటీ బస్సులు చౌకే, కానీ అయిదు రోజులకి ఆ రూట్లు నేర్చుకునే తీరిక మీకుండదు.

పేర్లు పలికే తీరు

ఇది మన తెలుగువాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకదు. ఇక్కడి పేర్లు సగం మనకి తెలిసినవే. రాచ్చతేవి అంటే రాజదేవి. పెచ్చబురి అంటే వజ్రపురి. థోన్‌బురి ధనపురి. చతుచక్ చతుశ్చక్రం. రేవుల్లో ప్రా ఆథిత్ ఆదిత్యుడు, ప్రా చాన్ చంద్రుడు. విక్టరీ మాన్యుమెంట్ అసలు పేరులో ‘జయ సమరభూమి’ అన్న మాటలే ఉన్నాయి. ఊరి పేరు కూడా వాళ్లకి బ్యాంకాక్ కాదు, క్రుంగ్ థేప్. ఆ థేప్ మన దేవ.

తెలిసిన మాటలు కదా అని మనం శుద్ధంగా పలుకుతాం. అక్కడే చిక్కు. మా బావగారు టాక్సీలో విమానాశ్రయం పేరు ‘సువర్ణభూమి’ అని అక్షరం పొల్లుపోకుండా మూడుసార్లు చెప్పారు, డ్రైవరుకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. సువన్నపూమ్ అనాలి. గుర్తుంచుకోడానికి తేలిక లెక్క: మన ‘ద’ అక్కడ ‘థ’ అవుతుంది, మన ‘ప’ ‘బ’ అవుతుంది, ‘శ’ ‘స’ అవుతుంది, చివరి అచ్చు చాలాసార్లు రాలిపోతుంది. అశోక కాస్తా అసోక్. గ్రాండ్ ప్యాలెస్ అంటే అర్థంకాని డ్రైవర్లుంటారు, అందులోని పచ్చబుద్ధుడి గుడి పేరు, వాట్ ప్రా కేవ్, అనండి. హోటల్ పేరు థాయ్ లిపిలో ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి ఫొటో తీసి, ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి. ముఖ్యంగా నాన్నగారి ఫోన్లో.

విమానాశ్రయం

బ్యాంకాక్‌కి రెండున్నాయి. పెద్దది సువన్నపూమ్. ఎయిర్ ఏషియా విమానాలు డోన్ మువాంగ్‌లో దిగుతాయి. మీ టికెట్ మీద ఏదుందో ఇప్పుడే చూసుకోండి, రెండూ ఊరికి చెరో మూల. ఇక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. 2025 మే 1 నుంచి అది తప్పనిసరి, ప్రభుత్వ సైట్‌లో ఉచితం. డబ్బు అడిగే సైట్ కనపడితే అది వేరేవాళ్లది.

సువన్నపూమ్ నుంచి ఫయా థాయ్ దాకా రైలు 45 బాట్లు, అరగంట లోపే. పొద్దున అయిదున్నర ప్రాంతంలో మొదలై అర్ధరాత్రి దాకా ఉంటుంది. మీరిద్దరే అయితే కళ్లు మూసుకుని అదే ఎక్కమందును. అయిదుగురు, పెట్టెలు, రాత్రి నిద్రలేని ప్రయాణం. కాబట్టి వచ్చిన రోజు టాక్సీ. లోపల పలకరించేవాళ్లని దాటుకుని కింది అంతస్తులో బయటికొస్తే మెషీన్లుంటాయి. చీటీ తీసుకుంటే అందులో ఉన్న వరస నంబరు దగ్గర మీ కారు. పెద్ద కార్లకి వేరే మెషీన్ ఉంటుంది, మీకు అది కావాలి. మీటరు మీద 50 బాట్లు ఎయిర్‌పోర్ట్ రుసుము, టోల్ దాదాపు 75. ఆ చీటీ డ్రైవరుకి ఇచ్చెయ్యకండి. ఏదైనా తేడా వస్తే ఫిర్యాదుకి అదే ఆధారం, సామాను మర్చిపోయినా ఆ నంబరుతోనే కారు దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం సాయంత్రమైతే లెక్క మారుతుంది. నాలుగు తర్వాత రోడ్డు మీద గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. అప్పుడు పెట్టెలు పట్టుకుని అయినా ఫయా థాయ్ నుంచి రైలే ఎక్కండి, స్టేషన్‌లో లిఫ్టుంది. ఇమిగ్రేషన్ దాటగానే క్షీరసాగర మథనం పెద్ద శిల్పం ఉంటుంది, దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. పాపకి అక్కడ పది నిమిషాలు ఇవ్వండి.

కారు మాట్లాడుకోమన్న ఆ ఒక్కరోజు ఏదంటే, దామ్నన్ సదువాక్ నీళ్లబజారు, రైలు పట్టాల మీద సంత పెట్టే మేక్లాంగ్. రెండూ ఒకే దారి, ఊరికి వంద కిలోమీటర్ల లోపు. పొద్దున ఆరున్నరకి బయల్దేరి మూడింటిలోపు ఊళ్లోకి వచ్చేలా ముందే చెప్పుకోండి. అయుత్థయకి, అంటే వాళ్ల అయోధ్యకి, రైల్లో వెళ్లచ్చు, కానీ అక్కడ శిథిలాల మధ్య ఎండలో నడక చాలా ఎక్కువ. పెద్దవాళ్లుంటే అయుత్థయ వదిలెయ్యమనే అంటాను.

మీరు ఏ నెలలో వస్తున్నారో, ఏ విమానాశ్రయంలో ఎన్నింటికి దిగుతున్నారో రాయలేదు. చెప్తే మొదటిరోజూ ఆఖరిరోజూ గంటల లెక్కన ఎలా పెట్టుకోవాలో రాస్తాను. అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయా అన్నది కూడా చెప్పండి, వాట్ అరుణ్ మెట్లు నిటారుగా ఉంటాయి. ఆవిడ కిందే కూర్చుని చూసేలా ఏర్పాటు చేసుకోవచ్చు.